వంపు దాచిన కోటు

టేపక్క దగ్గర కుట్టించుకుంటే ఒంట్లో వంకలన్నీ మాయమైపోతాయని ఆ వీధిలో పేరు. ఒక భుజం దిగినవాళ్ళు, పొట్ట ముందుకొచ్చినవాళ్ళు, ఒక కాలు కురచైనవాళ్ళు అందరూ ఆవిడ గుమ్మం ముందే వరస కట్టేవారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మెడలో టేపు వేలాడుతూ ఉండాల్సిందే, అందుకే టేపక్క. అసలు పేరు కరెంటు బిల్లు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పని నేర్పిన మాస్టారు ఆవిడకి ఒకే ఒక్క నీతి నేర్పాడు. "చూసింది కత్తెరకి చెప్పు, మనిషికి చెప్పకు." నేర్చుకునే రోజుల్లో టేపక్క ఒక పెద్దావిడ కొలతలు తీస్తూ "మీకు నడుం పెరిగిందండీ" అని నోరు జారింది. ఆ పెద్దావిడ మొహం మాడ్చుకుని పోయింది, మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. "మనం బట్టలు కుట్టేవాళ్ళమా, ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు తూకం వేసేవాళ్ళమా" అని మాస్టారు కడిగిపారేశాడు. ఆ రోజు నుంచి టేపక్క నోటికి తాళం పడింది. మంచి నీతే, కాదనను. కానీ మంచి నీతి కూడా కొంప ముంచుతుంది. ఎలాగో వినండి.

ఇంట్లో ఇద్దరే మనుషులు, టేపక్క, ఆవిడ వదిన. అన్న పోయి చాలా కాలమైంది. టేపక్క పెళ్ళి మూన్నాళ్ళ ముచ్చటైపోయి, పెట్టె పట్టుకుని పుట్టింటికొస్తే, ఆ పెట్టె చేతిలోంచి అందుకుని లోపల పెట్టింది ఈ వదినే. ముందు గది మిషనుకీ కత్తిరింపు బల్లకీ ఇచ్చేసి, తను వెనక గదిలో సర్దుకుంది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో సగం కాదు, ముప్పాతిక. వంట చెయ్యదు గానీ వంటకి వంకలు మాత్రం పెడుతుంది" అని గుండీలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పి నవ్వేది. సొంత తల్లి కూడా అంత చూసుకోదు. ఆ సంగతి టేపక్కకి తెలుసు, వీధికీ తెలుసు.

వదిన బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగి. ఆ టికెట్ల గదికి జనం వైపు ఒక జాలీ కిటికీ, వెనక ఒక తలుపు, పైన ఒక ట్యూబులైటు. తెల్లారకముందే వెళ్ళి పొద్దుగూకాక ఇంటికి చేరేది. ఒంటికి ఎండ తగిలేది సెలవు రోజునే, ఆ రోజు కూడా ముసుగుతన్ని పడుకునేది.

నలభై నిండకుండానే గర్భసంచిలో గడ్డలున్నాయని ఆపరేషన్ చేశారు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. "పీడా వదిలింది, నెలనెలా గోల లేదు" అని వదిన సంబరపడింది. ఒంట్లోంచి ఆవిర్లు కమ్ముకొచ్చినా, చెమటలు పట్టి దిండు తడిసినా వేడి చేసిందనుకుని చన్నీళ్ళు పోసుకుంది. ఆ పీడతో పాటు ఎముకలకి కాపలా కాసేది కూడా పోయిందని ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, ఈవిడే వినిపించుకోలేదేమో, ఇప్పుడు ఎవర్నని అడుగుతాం?

కొన్నేళ్ళకి స్నానాలగదిలో కాలు జారి అరచెయ్యి నేలకి ఆనించింది. మణికట్టు పుటుక్కుమంది. కట్టు కట్టారు, అతుక్కుంది. నేల తడిగా ఉంది, జారింది, విరిగింది, ఇందులో వింతేముంది అనుకున్నారు అందరూ.

ఆ తర్వాత కుర్చీ గొడవ వచ్చింది. కిటికీ బల్ల గడ్డం దాకా వస్తోంది, కుర్చీ కుంగిపోయింది అని వదిన సూపరింటెండెంటుతో జగడమాడింది. పాపం ఆయన కొత్త కుర్చీ వేయించాడు. ఏడాది తిరక్కుండా అదీ కుంగింది. "మా ఆఫీసులో కుర్చీలకి కూడా వెన్నెముక లేదు" అని ఇంటికొచ్చి దుమ్మెత్తి పోసింది. చివరికి కుర్చీలో ఒక దిండు వేసుకుని, దాని మీద ఇంకో దిండు వేసుకుని కూర్చుంది. కుంగింది కుర్చీ కాదని వదినకి తట్టలేదు. టేపక్క సంగతి వేరు.

ఎందుకంటే ఆఫీసువాళ్ళు ఏటా యూనిఫాం కోటుకి బట్ట ఇచ్చేవాళ్ళు, కుట్టేది టేపక్క. కొలతకి నిరుటి కోటే ఆది. దాన్ని వదినకి తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, ఎక్కడ వదులైందో ఎక్కడ బిగిసిందో చూసి కొత్తది కత్తిరించేది. కుర్చీ గొడవ జరిగిన ఏడు, కోటు ముందు అంచు కిందికి జారింది, వెనక అంచు పైకి లేచింది. తను కుట్టిన కోటు, ఇస్త్రీ బల్ల మీద పరిచి తనే అంచులు సరిచూసిన కోటు. బట్ట అబద్ధమాడదు. వీపు వంగితే వెనక పైకి లేస్తుంది, ముందుకి ఒరిగితే ముందు వేలాడుతుంది. టేపక్క వేళ్ళకి ఆ క్షణమే తెలిసిపోయింది.

"ఏంటే, అలా చూస్తున్నావు?" అంది వదిన.

"ఏం లేదు, కదలకు" అంది టేపక్క.

వెనక భాగం కాస్త పొడుగు పెట్టి, ముందు కాస్త తగ్గించి, మెడ కింద సన్నటి మడత పట్టి డాటు వేసింది. కొత్త కోటు తొడుక్కుంటే వదిన నిటారుగా కనిపించింది. మాస్టారి నీతి అక్షరాలా జరిగిపోయింది. చూసింది కత్తెరకి చెప్పింది, మనిషికి చెప్పలేదు.

మరి సొంత మనిషే కదా, ఒక మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? రాలవు. కానీ వదినకి తన నిలబడే తీరంటే గొప్ప. పెళ్ళిచూపుల్లో మీ అన్నయ్య నా మొహం చూడలేదు, నా నడకే చూశాడు అని చెప్పుకుని మురిసేది. అలాంటి మనిషితో నీ వీపు వంగుతోంది అని ఎలా అనడం? వయసొస్తే ఎవరి వీపు వంగదు, రేపు తనది మాత్రం వంగదా అని టేపక్క సర్దిచెప్పుకుంది. మరుసటి ఏటికి ఆ సర్దుబాటు అలవాటైపోయింది.

ఏటా కోటు వెనక ఇంకాస్త పొడుగైంది, ముందు ఇంకాస్త తగ్గింది. భుజాల్లో మెత్తలు చేరాయి, కాలరు కింద గట్టి కాన్వాసు గుడ్డ చేరింది. నడుం నొప్పంటే టేపక్కే బోర్లా పడుకోబెట్టి తైలం రాసేది. పూసలు వేళ్ళకి తగిలేవి. దిండ్ల మీద కూర్చుని కూర్చుని పట్టేసిందని వదిన అనేది, టేపక్క ఊఁ కొట్టేది. తన పనితనం చూసి లోలోపల కాస్త పొంగేది కూడా. అబద్ధమెందుకు, బాగానే పొంగేది.

ఇక ఒక కాంపు సంగతి చెప్పాలి. బస్టాండులో ఆడ ఉద్యోగులకి ఆరోగ్య పరీక్షలు పెట్టారు. నెలసరి ఆగినవాళ్ళలో ఎముకలు గుల్లబారినట్టు అనుమానమున్న కొందర్ని స్కానింగుకి పంపుతారట. జనం ఎక్కువ, నర్సు ఒక్కతే. వరసలో నిలబెట్టి మనిషిని చూడటం, రెండు ముక్కలు అడగటం, చీటీ రాయటమో పంపెయ్యటమో. వదిన నర్సు ముందు నిలబడింది, టేపక్క కుట్టిన కోటు తొడుక్కుని.

"ఎత్తు తగ్గినట్టు ఏమైనా అనిపించిందా అమ్మా?" అని నర్సు అడిగింది.

"తగ్గింది మా ఆఫీసు కుర్చీ అమ్మా, నేను కాదు" అంది వదిన. వరసంతా నవ్వింది.

నర్సు కూడా నవ్వి, ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "మీరు నిటారుగానే ఉన్నారు లెండి" అని పక్కకి పంపేసింది. గోడకి ఆనించి ఎత్తు కొలిచి ఉంటే తెలిసిపోయేది, కోటు విప్పమన్నా తెలిసిపోయేది. వదిన వెనక నిలబడ్డ స్వీపరమ్మకి చీటీ దొరికింది.

ఇంటికొచ్చి వదిన అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. "నీ కోటు పుణ్యమాని నర్సు కూడా మెచ్చుకుందే" అంది. టేపక్కకి గుండెలో కలుక్కుమంది. ఒక్క క్షణమే. ఆ తర్వాత ఆ మెచ్చుకోలే చెవుల్లో మిగిలింది.

రిటైరవడానికి ఇంకొంత కాలం ఉందనగా, ఒక మధ్యాహ్నం వదిన టికెట్ల బల్ల దగ్గర్నుంచి లేచి తలుపు వైపు తిరిగింది. అంతే. కాలు జారలేదు, ఎవరూ తగల్లేదు. తుంటి దగ్గర ఎముక విరిగింది, విరిగాక పడింది. చూసినవాళ్ళు పడి విరగ్గొట్టుకుందన్నారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి కాదన్నాడు.

"ఇది ఒక్క తుంటి సంగతి కాదమ్మా" అన్నాడాయన టేపక్కని పక్కకి పిలిచి. "వెన్నులో పూసలు కూడా నలిగిపోయి ఉన్నాయి. ఇవి ఇవాళ్టివి కావు, కొన్నేళ్ళ నుంచి ఒకటొకటిగా నలిగాయి. మనిషి ఇంత కుంగిపోతుంటే ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"లేదండీ" అంది టేపక్క. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఆయన మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు. అండాశయాలు చిన్న వయసులో తీసేస్తే ఎముకల్లో సారం తొందరగా పోతుందట. నిలబడ్డ మనిషి పడి మణికట్టు విరిగినప్పుడే స్కానింగు చేయించాల్సిందట. ఆ స్కానింగుకి నొప్పి లేదు, బల్ల మీద కాసేపు పడుకుంటే చాలట. అప్పుడే తెలిస్తే వారానికో మాత్ర, కాస్త ఎండ, రోజూ నడక, ఒంటికి క్యాల్షియం పట్టే తిండి. పూర్తిగా కాకపోయినా చాలా వరకూ ఆగేదట. టేపక్క తల వంచుకుని వింది. ప్రతి ఏడూ ఎంత పొడుగు పెంచిందో, ఎంత తగ్గించిందో చేతివేళ్ళకి గుర్తొస్తూనే ఉంది.

"ఇప్పుడైనా ఎముకలకి బలం మందు ఎక్కిస్తాం, రెండో వైపు విరక్కుండా" అన్నాడు డాక్టరు. "ఆపరేషన్ అయ్యాక ఎంత తొందరగా నిలబెడితే అంత మంచిది. మంచానికి అంటుకుపోతే ఊపిరితిత్తులకి నెమ్ము ఎక్కుతుంది. ఆ తర్వాత మా చేతుల్లో ఉండదు."

అదీ సంగతి. నిలబడితే బతుకుతుంది, పడుకుంటే పోతుంది. ఆపరేషన్ అయ్యాక వదినని ఇంటికి తెచ్చి, టేపక్క దుకాణం మూసేసింది. కత్తిరింపు బల్ల మీద మందులు, గుడ్డలు చేరాయి. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి నాలుగు కాళ్ళ స్టాండు ముందు పెట్టి "లేవండమ్మా" అంటే వదిన రెండు చేతులతో మంచం పట్టె పట్టుకునేది. తుంటి నొప్పి ఓర్చుకునేది గానీ వీపు నిలబడనిచ్చేది కాదు. పైగా భయం. అడుగేస్తే ఇంకోటి విరుగుతుందని భయం. టేపక్క బతిమాలింది, కసిరింది, కాళ్ళు పట్టుకుంది. వదిన లేచినట్టే లేచి కూలబడేది. అందరికీ మాటకి మాట అప్పజెప్పే మనిషి, గుక్కెడు నీళ్ళడగడానికి కూడా గొంతు రానంతగా నీరసించింది. దగ్గు మొదలైంది.

ఒక సాయంత్రం ఒళ్ళు తుడుస్తుంటే వదినే ఎత్తింది ఆ మాట.

"ఆ రోజు నర్సు అడిగితే నేనే నవ్వేశాను. నా నోరే నాకు శత్రువు. కానీ నాకేం తెలుసే, వంగుతున్నానని? నా వీపు నాకు కనబడుతుందా?"

టేపక్క నోటిదాకా వచ్చింది నిజం. మింగుదామనుకుంది, మింగుడు పడలేదు.

"నాకు తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"నువ్వు వంగుతున్నావని. కుర్చీ గొడవ అప్పట్నుంచీ తెలుసు. ఏటా కోటులో సర్దేశాను."

వదిన "చెప్పలేదేమే?" అంది.

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు బాధ లేదా?"

వదినకి కోపం రాలేదు, వస్తే బాగుండేది. ఆయాసపడుతూ మెల్లగా అంది, "నీ మాట నేనెప్పుడు కాదన్నానే? డాక్టరు దగ్గరికి పద అంటే చెప్పులేసుకుని వచ్చేసేదాన్ని కదా." ఆ తర్వాత మొహం గోడవైపు తిప్పమంది. టేపక్క తిప్పింది.

వారం తిరక్కముందే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఇంటికి రాలేదు. వచ్చిపోయే జనం "పెద్దదైపోయింది, పడింది, పోయింది" అని తేల్చేశారు. అరవై కూడా రాని మనిషిని పట్టుకుని పెద్దదైపోయిందట. టేపక్కకి వాళ్ళని తిట్టాలనిపించింది, ఏ మొహం పెట్టుకుని తిడుతుంది?

కొన్నాళ్ళకి దుకాణం మళ్ళీ తెరిచింది, తెరవక ఏం చేస్తుంది. కానీ ఇప్పుడు ఆవిడ నోరు ఆగదు. ఆది జాకెట్టు తొడిగి చూసి, "వెనక పైకి లేస్తోందమ్మా. ముందు ఎముకల డాక్టరుకి చూపించుకుని రా, తర్వాత కుడతాను" అనేస్తుంది. "నేను గూనిదాన్నా" అని బట్ట లాక్కుపోయినవాళ్ళున్నారు. టేపక్కకి మతి చలించిందని వీధంతా చెప్పుకున్నవాళ్ళున్నారు. గిరాకీ సగానికి పడిపోయింది.

ఆ లాక్కుపోయినవాళ్ళలో ఒక టీచరమ్మ మాత్రం కోపంలోనే వెళ్ళి స్కానింగు చేయించుకుంది. ఎముకలు సగం గుల్లబారాయన్నారు, ఇంకా ఏదీ విరగలేదు, సమయానికి వచ్చావన్నారు. మందు వాడుతూ పొద్దున్నే ఎండలో నడుస్తోంది. ఒకరోజు ఆవిడ దుకాణానికొచ్చి టేపక్క రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు ఆ ఒక్క మాట చెప్పబట్టి బతికిపోయానక్కా."

టేపక్క చేతులు విడిపించుకుంది. "అవునమ్మా, ఒక్క మాటే" అంది. "ఎంతసేపు పడుతుంది చెప్పడానికి?"

అని మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. టీచరమ్మకి ఏం తప్పన్నానో అర్థం కాలేదు.