ఎడమకు దొర్లించిన రాయి

పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. వంగి అరచేయి పెట్టి చూశాను. మూడు రాళ్లలో రెండు పెట్టినచోటే ఉన్నాయి. మూడోది ఎడమకు, గట్టు ఎక్కే దారివైపు, మూరెడు దూరం దొర్లించి ఉంది. చుట్టూ మెత్తటి ఒండ్రు నేల. దాని మీద నా చెప్పుల గుర్తులు తప్ప మరో అడుగు లేదు. సాయంత్రం అయిదు కావస్తోంది.

పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేశాను, ఎక్కువకాలం జనగామలోనే. ఫలానా ఊళ్లో దయ్యం తిరుగుతోందని ఎవరైనా వార్త పంపితే, చూసిందెవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు అని అడిగేవాణ్ని. ఆ ప్రశ్నలు దాటి ఒక్కటీ అచ్చుకు పోలేదు. దయ్యాలను నమ్మడానికి నాకు తీరికా ఉండేది కాదు, ఆసక్తీ లేదు. కాబట్టి ఇక్కడ కూడా చూసింది చూసినట్టే రాస్తాను.

మల్లయ్య, నేను గూడూరు బడిలో ఒకే బెంచీ. వాళ్లది గొర్రెలు కాసే కుటుంబం. ఎండాకాలం మేత దొరక్కపోతే మందను తోలుకొని అడవుల గుండా గోదావరి ఒడ్డుకు చేరేవాళ్లు. అక్కణ్నుంచి ఏటి వెంబడే ఎగువకు నడిచి, కాళేశ్వరంలో స్నానం చేసి వెనుదిరిగేవాళ్లు. మల్లయ్య వాళ్ల అన్న ఐలయ్య ముందు నడిచేవాడు. మజిలీ వెతికి, పొయ్యి పెట్టి, జొన్న నూకల గటక వండేవాడు. వెనక మందతో మల్లయ్య. దారి చీలినచోట ఐలయ్య పొయ్యి రాళ్లలో ఒకటి తాను పోయిన దిక్కుకు దొర్లించి పోయేవాడు. వెనక వచ్చేవాళ్లకు అదే గుర్తు.

నాలుగేళ్ల కింద, గోదావరి ఒడ్డున పలిమెల దాటిన రోజు ఐలయ్య వడదెబ్బతో పోయాడు. మందను లారీ ఎక్కించి అమ్మేశారు. కాళేశ్వరం చేరని నడక అదొక్కటే. ఆ మిగిలిన దారి నడిచి అన్న పేరుమీద మునగాలని మల్లయ్య కోరిక. మోకాలు అరిగిపోయింది, డాక్టరు వద్దన్నాడు. "ఇంకో ఏడాదైతే అస్సలు నడువలేనురా, నువ్వు తోడొస్తే పోతా" అన్నాడు. వానలు మొదలవకముందే పలిమెల నుంచి బయల్దేరాం.

నిజం చెప్పాలంటే, ఈ మధ్య నేను అంత సుఖంగా గడిపిన రోజులు లేవు. పొద్దున చల్లలో నానిన గటక, ఉల్లిగడ్డ. కుడిచేతి పక్క ఏరు, ఎడమ పక్క అడవి. పొద్దు వంగితే ఎక్కడ బాగుంటే అక్కడే పడక. నేను హైదరాబాదు నుంచి తెప్పించుకున్న గుడారం విప్పగానే మల్లయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏందిరా గిది, దోమతెరనా? గిండ్ల పంటే పొద్దుగాలకు ఆవిరి కుడుమువైతవ్."

తను మాత్రం గొంగడి పరుచుకొని ఆకాశం కింద పడుకునేవాడు. రెండో రాత్రికి నేనూ గుడారం మడిచి పెట్టేశాను.

మూడో రోజు అతని మోకాలు వాచింది. దారి చీలేచోటుకు నేను ముందు చేరాను. కుడివైపు ఇసుక మీదుగా చదునైన అడ్డదారి. అక్కడే, నీళ్ల పక్కన పడుకుందామని పొద్దున్నే అనుకున్నాం. ఎడమవైపు రాళ్ల గట్టు. మధ్యలో ఆ పొయ్యి.

వెనక కర్ర ఊతంతో వస్తున్న మల్లయ్యకు కేకేసి విషయం చెప్పాను. అతను ఉన్నచోటే ఆగిపోయాడు.

"దొర్లిన రాయి లేపి కింద జూడు."

లేపాను. రాయి కింద గొంగడి పోగు ఒకటి, రెండు ముళ్లు వేసి ఉంది. ఐలయ్య అలా పెట్టేవాడని నాకు అప్పటిదాకా తెలియదు. వేరే మందల పొయ్యితో పొరపడకుండా అన్నదమ్ములిద్దరి మధ్య ఉన్న గుర్తట అది.

"ఎవరో కాపరి పెట్టి ఉంటాడు. నీ కాలు చూసుకో, ఇసుక మీదనే పోదాం" అన్నాను.

"మా అన్న ఇటు రమ్మన్నంక నువ్వెవనివిరా అటు పొమ్మనేటందుకు? బ్యాగు పట్టు."

అంతే. ఆ గట్టు ఎక్కడానికి గంటకు పైగా పట్టింది. నాలుగుసార్లు కూర్చున్నాడు, ఒక్కసారీ మూలగలేదు. పైన ఇప్పచెట్టు కింద పడుకున్నాం.

తెల్లవారి లేచి చూస్తే కింద ఇసుక లేదు. గట్టు మొదలు దాకా ఎర్రనీళ్లు. ఎగువన పెద్ద వాన పడిందని తర్వాత తెలిసింది. మల్లయ్య గొంగడి దులిపి భుజాన వేసుకొని, "జర ఛాయ్ పెట్టురా" అన్నాడు.

గట్టు మీద పుచ్చతోట కాస్తున్న ఒక అవ్వ కనిపిస్తే మందలు ఏమైనా వచ్చాయా అని అడిగాను. "గీయేడు ఒక్కటి రాలే నాయినా. పొయ్యి ముట్టిచ్చిందంటే నేనే, అది ఈడనే" అంది.

మర్నాడు పొద్దు గుంకకముందే కాళేశ్వరం చేరాం. మల్లయ్య నా భుజం పట్టుకొని నీళ్లలోకి దిగాడు. మూడు మునకలు వేసి, "అన్నా, వచ్చిన" అన్నాడు. ఒడ్డుకు వచ్చాక రెండు ప్లేట్ల మిర్చిబజ్జీలు తిన్నాడు.

మల్లయ్యే ముందే పెట్టి ఉంటాడా అని కూడా ఆలోచించాను. పొద్దుటి నుంచీ నా వెనకే ఉన్నాడు. బూడిద ఇంకా వెచ్చగా ఉంది, ఒండ్రు మీద అతని అడుగూ లేదు.

పోగు నా బల్ల సొరుగులో ఉంది. మల్లయ్య గొంగడి పూర్తి నలుపు. ఈ పోగులో నలుపుతో పాటు బూడిదరంగు ఉన్ని కలిసి ఉంది. అలాంటి గొంగడి ఆ ఇంట్లో ఒక్కటే, వాళ్లమ్మ వడికిన ఉన్నితో నేయించింది. దాన్ని ఐలయ్య మీద కప్పి పూడ్చారు. ఆ గుంతలో పిడికెడు మట్టి నేనూ వేశాను.