నాగభూషణం గారి గోడ

నాగభూషణం గారికి వీపు వెనక గోడ లేకపోతే నోట మాట రాదు. ఇది అతిశయోక్తి అనుకునేవారు ఆయన్ని ఆరుబయట ఎన్నడూ చూసి ఉండరు. ఢిల్లీలో ద్వారక అనే పేటలోని మా స్కూల్లో ఆయన లెక్కలు చెప్తారు, నేను సోషల్ చెప్తాను. మనిషన్నవాడికి ఒక వెన్నెముక చాలునని శాస్త్రం. ఆయనకు రెండు కావాలి. రెండోది ఇటుకలతో కట్టింది.

ఎవరైనా భోజనానికి పిలిస్తే ఏం వండుతున్నారని అడగరు. "గోడ వారగా చోటుంటుందా అండీ?" అంటారు. అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి వెళితే గోడవార బల్ల ఖాళీ అయ్యేదాకా మమ్మల్ని నిలబెట్టేవారు. ఆ బల్ల దగ్గర ఎవరో తీరిగ్గా పెరుగన్నం కలుపుకుంటుంటే మేం ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూసేవాళ్ళం. మెట్రోలో తలుపులకు ఆనుకోవద్దని రెండు భాషల్లో బతిమాలతారు కదా, ఆయన మూడో భాషలో "సరేనమ్మా, విన్నాం" అని జవాబిచ్చి మరీ ఆనుకుంటారు.

ఫరీదాబాద్‌లో మా స్కూలు గుమాస్తా మాణిక్యం తన కూతురి పెళ్ళి విందు పచ్చిక మీద పెట్టాడు. గోడల్లేవు, షామియానా గుడ్డలే. నాగభూషణం గారు మాటల్లో పడి ఆ గుడ్డకే ఆనుకున్నారు. మరుక్షణం అక్కడ మనిషి లేడు, గుడ్డ మాత్రం మెల్లగా ఊగుతోంది. కాసేపటికి వంటవాళ్ళ వైపునుంచి పళ్ళెంతో వచ్చి, "గుత్తివంకాయ బ్రహ్మాండంగా కుదిరింది. మీ వైపుకింకా రాలేదా?" అన్నారు.

అటువంటి మనిషి ఉద్యోగంలో ఉండగానే మా స్కూలు గోడలకు కాలం చెల్లింది.

ఇరవై ఒకటో శతాబ్దపు నైపుణ్యాలు వచ్చి మా తలుపు తట్టాయి. పోతూ పోతూ తలుపుతోపాటు గోడనూ పట్టుకుపోయాయి. వాటిని వెంటబెట్టుకొచ్చినవాడు వరుణ్ అనే ఆర్కిటెక్టు. గుర్గావ్‌లో ఆఫీసు. తెలుగువాడే గాని, ఢిల్లీలో పెరిగినవాళ్ళందరిలాగే మూడు భాషలు కలిపి మాట్లాడతాడు.

"క్లాస్‌రూమ్ ఈజ్ డెడ్, సర్," అన్నాడు మెత్తగా. లేచి మౌనం పాటించాలేమోనని మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఇక బచ్చే పాఠాలు వినరు, టీమ్స్‌లో ప్రాజెక్టులు చేస్తారు. మధ్యలో వాల్స్ ఎందుకు?"

"ఆనుకోవడానికి, బాబూ," అన్నారు నాగభూషణం గారు.

"అంకుల్, బీన్ బ్యాగ్స్ హై నా."

ఆయన ఆ సంచీలో కూర్చుని చూశారు. ఇద్దరం చెరో చెయ్యీ పట్టి పైకి లాగాం.

వేసవి సెలవుల్లో గదులన్నీ కలిసి ఒకే హాలయ్యాయి. కుర్చీలకు చక్రాలు వచ్చాయి. న్యాయంగా చెప్పాలంటే పిల్లలకది బాగానే పట్టింది. పాత ఫ్యాను, వడపోత గుడ్డ పెట్టి గాలిని శుభ్రం చేసే యంత్రాలు చేయబోయారు. గోల మాత్రం గోలే. ఒక మూల నేను, ఒక మూల నాగభూషణం గారు పాఠం చెప్పిన ఫలితంగా, కళింగ యుద్ధంలో కర్ణం మీది వర్గం గెలిచిందని ఒకడు పరీక్షలో రాశాడు.

నవంబరు వచ్చింది. ఢిల్లీలో నవంబరు రావడమంటే పొగై కమ్ముకోవడమే. కిటికీ అవతల ద్వారక ఉందో లేదో నమ్మకం మీద తెలుసుకోవాలి. హాల్లో పగలే దీపాలు, పిల్లల గొంతుల్లో దగ్గు. లైబ్రరీ పక్కన ఒక్క పాత గోడ మిగిలింది. చలికాలం సెలవుల్లో దాన్నీ పడగొట్టాలని నిర్ణయం. నాగభూషణం గారు ప్రతి భోజన విరామంలోనూ వెళ్ళి దానికే ఆనుకునేవారు.

ప్రిన్సిపాల్ అరుంధతి గారు ఆయన్ని పిలిపించారు. "మాస్టారూ, మీ వీపు కోసం మంచి కుర్చీ తెప్పిస్తాను. ఆ గోడనిక వదిలేయండి."

"కుర్చీలో ఒక్కరే కదండీ మేడమ్ పట్టేది," అన్నారాయన. వయసు మీదపడుతోందని మేం నిట్టూర్చాం.

నచ్చజెప్పే పని నాకు అప్పగించారు. భోజనాల వేళ వెళ్ళాను. ఆయన గోడకు ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని, డబ్బాలోంచి దద్ధ్యోజనం తింటున్నారు. పక్కనే అదే గోడకు ఆనుకుని మనీష. ఆ పిల్ల దీపావళి తర్వాత చేరింది. వాళ్ళ నాన్న ఫౌజ్‌లో సుబేదారు, జోధ్‌పూర్ నుంచి ఇక్కడి కంటోన్మెంట్‌కు బదిలీ. టీములన్నీ జులైలోనే కుదిరిపోయాయి. మేం ఏ టీములో వేసినా, కుర్చీలకు చక్రాలున్నాయి కనుక, కాసేపటికి ఆ పిల్ల కుర్చీ ఒక్కటే విడిగా కనిపించేది.

"జోధ్‌పూర్‌లో మీ స్కూలు గోడలు ఎలా ఉండేవమ్మా?" అని ఆయన ఎటో చూస్తూ అడిగారు.

"పత్థర్ కీ, సర్, రాతివి. ఎండకి వేడెక్కేవి."

"వీపుకు మంచిదే. దానికి ముందు?"

"తేజ్‌పూర్. రేకులు. ఆనుకుంటే ఢన్‌మని సౌండ్ వచ్చేది."

"అది గోడ కిందికి రాదు. తీసెయ్."

మనీష నవ్వింది. చేరిన తర్వాత ఆ పిల్ల నవ్వు చూడటం నాకదే మొదలు.

ఇంతలో నిరుడు బఠిండా నుంచి వచ్చిన శ్రీహర్ష డబ్బా పట్టుకుని వచ్చాడు. "సర్, ఆజ్ పీఠ్ కైసీ హై?"

"వీపు సంగతి అడక్కురా. నువ్వూ ఆనుకో."

వాడు ఆనుకుని రెండు ముద్దలు తిని, మనీషతో అన్నాడు: "హమారే మోడల్ మే ఫ్యాన్ ఉల్టా ఘూమ్ రహా హై. దేఖోగీ?"

వాళ్ళు చేసే యంత్రంలో ఫ్యాను తిరగేసి తిరుగుతోందట, వచ్చి చూస్తావా అని. ఆ పిల్ల మాస్టారి వైపు చూసింది.

"వెళ్ళి రామ్మా. నీ చోటెక్కడికీ పోదు," అన్నారాయన.

పిల్లలు వెళ్ళాక నేనా ఖాళీలో ఆనుకున్నాను. వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఏడాది మధ్యలో వచ్చిన పిల్లకి హాలు నడుమ చోటుండదండీ," అని ఆయనే అన్నారు. "గోడ దగ్గర ఒంటరిగా నిలబడితే అందరూ ఆ పిల్లనే చూస్తారు. పక్కన ఓ పిచ్చి మాస్టారు ఉంటే ఆయన్ని చూస్తారు."

"అయితే మీకు వీపు నొప్పి లేదా?"

"ఉంది. ఇన్నేళ్ళుగా ఆనుకుంటే రాదూ?"

"మరి మెట్రోలో? పెళ్ళిళ్ళలో?"

"ఎక్కడికెళ్ళినా మన పిల్లలే కదండీ. ఒకచోట ఆనుకుని ఒకచోట మానేస్తే పట్టేస్తారు."

ఆ సాయంత్రం మీటింగులో ఆయన్ని కూర్చోబెట్టుకునే ఇదంతా చెప్పాను. వరుణ్ పెన్సిల్ తిప్పడం ఆపేశాడు.

"మా నాన్న ఎయిర్‌ఫోర్స్, అంకుల్. నేనూ బహుత్ స్కూల్స్ మారాను."

"టిఫిన్ ఎక్కడ తినేవాడివి, బాబూ?"

"సీఢియోఁ కే నీచే," అన్నాడు వరుణ్. మెట్ల కింద. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి ఆ గోడను మళ్ళీ గీశాడు. గీసినవాడు ఊరుకోక రెండడుగులు పొడిగించాడు కూడా. అయితే ఆధునిక విద్యలో ఉత్త గోడకు స్థానం లేదు కనుక దానికి 'రిఫ్లెక్షన్ ఎడ్జ్' అని నామకరణం చేశాడు.

జనవరిలో ఇతర స్కూళ్ళవాళ్ళు మా హాలు చూడటానికి వచ్చారు. చక్రాల జోలికి పోకుండా నేరుగా వెళ్ళి రిఫ్లెక్షన్ ఎడ్జ్‌కే ఫోటోలు తీసుకున్నారు. నాగభూషణం గారు హాలు నట్టనడుమ కర్రలా నిటారుగా నిలబడి వాళ్ళకు వివరిస్తున్నారు. మాటల కోసం తడుముకోవడం లేదు. నాకు భయం వేసి దగ్గరికి వెళ్ళాను.

"గోడేది, మాస్టారూ?"

ఆయన గడ్డంతో అటు చూపించారు. ఒంటికి పెద్దదైన బ్లేజరుతో ఓ కొత్త కుర్రాడు మూత తియ్యని డబ్బా పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. పక్కనే మనీష, ఎటో చూస్తూ, కళ్ళు సగం మూసుకుని అడుగుతోంది: "తుమ్హారే పురానే స్కూల్ కీ దీవార్ కైసీ థీ?" మీ పాత స్కూలు గోడ ఎలా ఉండేదని.

"ఖాళీ లేదండీ," అన్నారు నాగభూషణం గారు.