తిరుమలరావు పూచీపడ్డ కారు

హిందీ మాట్లాడే ఉక్కు టౌన్‌షిప్ రుఆబాంధాలో తెలుగువాళ్లెవరు కారు కొనాలన్నా ముందు తిరుమలరావు గుమ్మం ఎక్కాల్సిందే. ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకటే కంపెనీ. "నా బండి సూడండి. కొన్నకాడ్నుంచి దారిలో ఒక్కపాలైనా ఆగిందేటి?" అనేవాడు. ఆగలేదు, నిజమే. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే కంపెనీ ఈయనదేనేమో అనిపించేది.

కూతురు భాగ్యరేఖకు నాన్న మాటే వేదం. భర్త సత్యప్రసాద్ వేరే కంపెనీది తీసుకుందామంటే, పోట్లాడి మరీ నాన్న చెప్పిన కారే కొనిపించింది. కొన్నాళ్లకే ఆమె కోహ్కాలోని అత్తింటి నుంచి పుట్టింటికి ఆటోలో రావడం మొదలుపెట్టింది. బండేదని అడిగితే "సర్వీసింగ్‌లో ఉంది నాన్నా" అని మాట మార్చేసేది.

అసలు సంగతి ఒకరోజు అల్లుడి నోట బయటపడింది. ఆ కారు ఇంట్లో కంటే మెకానిక్ దగ్గరే ఎక్కువ ఉంటోంది. ఉతై రోడ్డు మీద ఆగిపోతే భాగ్యరేఖ అత్తగారు కూడా దిగి తొయ్యాల్సివచ్చింది. ఆగినప్పుడల్లా ఇంట్లో అందరూ దాన్ని "మీ నాన్న బండి" అంటున్నారు.

తిరుమలరావుకు ముందు కోపమే వచ్చింది. "తోలడం రాకపోతే కంపెనీ ఏటి సేస్తాది?" అని భార్య నూకాలమ్మ దగ్గర రుసరుసలాడాడు.

ఆవిడ పప్పులో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు. "మన బండిలో కంపెనీవోడిది ఏటి మిగిలిందండీ? పాడవకముందే అన్నీ మీరే మార్చీసినారు కదా. ఆదివారమైతే ఆ బండి కిందనుంచి మిమ్మల్ని లాక్కొచ్చి అన్నం పెట్టాల్సొచ్చీది" అంది.

ఆయన రోలింగ్ మిల్లులో మరమ్మతుల పని చేసి రిటైరైన మనిషి. అక్కడ ఏ భాగమూ విరిగేదాకా చూడరు. షట్‌డౌన్ పెట్టి, మిల్లు ఆపి, నడుస్తున్నదాన్నే తీసి కొత్తది వేస్తారు. ఆ అలవాటుకొద్దీ ఇంటి కారుకు కూడా షట్‌డౌన్లు పెట్టాడు. తన చేతి చలవనంతా కంపెనీ గొప్పతనమనుకుని ఊరందరికీ పూచీపడ్డాడు. పోనీ ఇప్పుడు కూతురి బండిని చూసి కంపెనీ చెడ్డదందామా? అదీ ఒక్క బండే, దాన్నిబట్టి మాత్రం ఏం తెలుస్తుంది? తలుచుకుంటే సిగ్గేసింది.

మర్నాడే కోహ్కా వెళ్లాడు. ఇచ్చిన టీ పక్కన పెట్టేసి అల్లుడితో అన్నాడు: "బాబూ, ఆ కంపెనీ మంచిదో సెడ్డదో నాకు తెల్దు. తెలిసినట్టు సెప్పీసినాను. అమ్మాయినేటీ అనకండి. అనాల్సింది నన్ను."

"అరే, ఛోడియే, వదిలేయండి మావయ్యగారూ" అని సత్యప్రసాద్ తల దించుకున్నాడు.

భాగ్యరేఖ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఈసారి మాట మార్చకుండా, మెల్లిగా, "నిన్న కూడా ఆగిపోయింది నాన్నా" అంది.