ఉగ్గాని బండి కోసం వెతికిన చట్టం

కర్నూలులో మా వదిన బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి పెట్టుకుంది. అన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు, ఇంటికి ఎప్పుడో గాని రాడు. డిగ్రీ అయ్యాక నేను వాళ్ల దగ్గరే ఉంటూ పొద్దున పూట బజ్జీలు వేసేదాన్ని.

ఒకరోజు ఒక మున్సిపల్ అధికారి మా బండి ముందు జీపు దిగాడు.

"రేపు పొద్దున్నే వస్తాం. ఈడ బండి కనపడితే ఎత్తుకపోతాం."

వీధి వ్యాపారులను కాపాడే చట్టం ఉందని నా ఫోన్లో ఒక వార్త చూపించబోయాను. "ఫోన్లో ఎవుడేమైనా రాస్తాడమ్మా. అది ఏ చట్టమో, ఏ సెక్షనో చెప్పు. అప్పుడు మాట్లాడదాం" అని వెళ్లిపోయాడు. వదిన పొయ్యి ఆర్పేసింది. పిండి ఇంకా సగం ఉంది.

ఆ వార్తలో చట్టం నంబరూ సెక్షనూ లేవు, పుస్తకంలోనే వెతుకుదామని మధ్యాహ్నం గ్రంథాలయానికి పరిగెత్తాను. మున్సిపల్ చట్టాలన్నీ తిరగేశాను. జరిమానాలే తప్ప మాకు పనికొచ్చే మాట లేదు. అవన్నీ రాష్ట్రానివి. నాకు కావాల్సింది పార్లమెంటు చేసినదైతే ఈ బీరువాలో ఎందుకుంటుంది? ఆ సంగతి తట్టేసరికి సాయంత్రమైంది.

కేంద్ర చట్టాలు పక్క గదిలో ఉన్నాయి. సూచికలో ‘హాకర్’ కింద చూశాను, లేదు. ‘వెండర్’ కింద లేదు. చివరికి ‘స్ట్రీట్’ దగ్గర దొరికింది: వీధి వ్యాపారుల చట్టం, రెండు వేల పద్నాలుగు, ఏడో నంబరు.

ఆ ఏడాది సంపుటం ఉండాల్సిన చోటు ఖాళీ. గదంతా తిరిగాను. కిటికీ దగ్గర పోటీ పరీక్షకు చదువుకుంటున్న ఒకామె మోచేతి కింద ఆ పుస్తకం కనిపించింది. "అక్కా, ఒక్క పేజీ" అన్నాను. నా మొహం చూసి, ఏమీ అడగకుండా ఇటు జరిపింది.

మూడో సెక్షన్, మూడో ఉపవిభాగం. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. తర్వాత ఈ సెక్షన్ మార్చేసి ఉంటే? ఆపై ఏళ్ల సూచికలూ చూశాను, మార్చినట్టు కనబడలేదు. కరెంటు లేక జిరాక్స్ పని చేయలేదు. అప్పటికే కిటికీలు మూస్తున్నారు. ఫోన్లో ఫోటో తీసినా ఆయన నమ్మడని గబగబా చేత్తోనే రాసుకున్నాను.

మరునాడు వదిన బండి బయటికి తీయనంది. "బండే పోతే ఏం తింటాం పాపా?" నాకూ లోపల గుబులుగానే ఉంది. అయినా బలవంతంగా తీయించాను.

జీపు వచ్చింది. ఇద్దరు మనుషులు బండి పట్టుకున్నారు.

"సార్, ఈడ సర్వే ఎప్పుడు చేసినారు? సర్టిఫికెట్లు ఎవరికిచ్చినారు?" అని నేను రాసుకున్నది చదివాను.

"చేత్తో రాసింది చెల్లదమ్మా."

"చట్టం నంబరుండాది, సెక్షనుండాది. మీ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి సార్."

ఆయన పక్కకు వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. ఆ మనుషులు బండి మీది చేతులు తీయలేదు. వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆయన తిరిగొచ్చి, నా వైపు చూడకుండా, "సర్వే అయ్యేదాకా ఉండండి. మురికి కాలవ మీదికి రాకుండా ఎనక్కి జరుపుకోండి" అన్నాడు.

జీపు కదలగానే వదిన బండి వెనక్కి జరిపి పొయ్యి వెలిగించింది.

సర్వే ఆ తర్వాత జరిగింది. వదినకు ధ్రువపత్రం ఇచ్చి, పక్క సందులో చోటిచ్చారు. బేరం మునుపటంత లేదు. కానీ ఇప్పుడు మమ్మల్ని కదపాలంటే ఆ చట్టం ప్రకారం ముందు నోటీసు ఇవ్వాలి.