మేనకోడలి పోటీ, మేనమామ కునుకు

మొన్న మా జ్యోతికి పతకం ఎట్ల చేజారిందో మీకు తెల్వదు. గద్వాలల మటుకు అందరికీ తెలుసు. అందుకే బస్టాండు కాడ నేను కనవడితే చాలు, జనం నా మొకం దిక్కు కాదు, నా కండ్ల దిక్కు చూస్తున్నరు.

నాది చీరలకు ఫాల్ కుట్టే దుకాణం. జ్యోతి మా అక్క బిడ్డ. అక్కోళ్లు మల్దకల్ దిక్కు కౌలు చేన్ల విత్తనాల కోసం సీడు పత్తి పెడ్తరు. పొద్దుగాల లేచి ఒక పత్తిపువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రుద్ది క్రాసింగ్ చేసుకునే పిల్ల, వనపర్తిల ఒక కోచ్ సారు చేతుల పడి, బరువులు లేపుడు నేర్చి, విమానమెక్కి పరాయి దేశంల పోటీకి పోయింది. గ్యాస్ సిలిండర్ జరపాలంటే పక్కింటోన్ని పిలిచే వంశం మాది.

పోటీ మనకు మధ్యాహ్నం పూట వచ్చింది. పక్క చాయ్ దుకాణం జబ్బార్ భాయ్ తన పెద్ద ఫోన్ తెచ్చి నా కుట్టుమిషను మీద నిలవెట్టిండు. అక్కేమో చేన్ల ఉన్నది. ఆడి సిగ్నల్ మాటకు సరిపోతది, బొమ్మకు సరిపోదు.

"తమ్మీ, నువ్వు చూసి నాకు చెప్పు. నా పానం ఆగుతలేదు" అన్నది.

మొదలు స్నాచ్ అంటరు. కడ్డీని నేల మీది నుంచి ఒక్క ఊపుల నెత్తి మీదికి తేవాలె. మూడు చాన్సులు. మూడూ తప్పితే ఇగ పోటీల లేనట్లే, వచ్చిన తోవ పట్టాలె. జ్యోతి మొదటిసారి కడ్డీని వెనక్కి పడేసింది. రెండోసారి ముందుకు పడేసింది.

"ఇగ ఒక్కటే ఉన్నది మొగులన్నా" అన్నడు జబ్బార్ భాయ్, మెల్లగ.

అదే బరువు అడిగిన పిల్లలు ఇంకా కొందరుండిరి. మూడో చాన్సుది వాళ్లందరి వెనుకనే రావాలంట. "చాయ్ తెస్త, జర ధైర్యంగుండు" అని భాయ్ పోయిండు. నేనొక్కన్నే మిగిలిన. ఒడిల మెత్తటి పట్టుచీర. నెత్తి మీద ఫ్యాను. కడుపుల జొన్నరొట్టె.

కృష్ణ కనవడ్డది. సోమశిల కాడ నీళ్లు అద్దం లెక్క ఆగి ఉన్నయి. నడుమ ఒక పడవ, పడవ మీద జ్యోతి. కడ్డీకి రెండు దిక్కుల చక్రాలు లేవు, విచ్చిన పత్తికాయలున్నయి. తొట్లెల పసిపిల్లను తీసినట్లు వంగి, కడ్డీని మెల్లగ పైకి తీసింది. పడవ జరంత కూడ ఊగలె. గాలిల దూది తేలుతున్నది. ఒడ్డు మీద అక్క చేన్ల పనికొచ్చే ఆడోళ్లందరు నిలవడి చూస్తున్నరు, ఒక్కరు మాట్లాడుతలేరు. అప్పుడు నీళ్ల మీద మూడు తెల్లటి పత్తిపూలు, ఒకదాని వెనుక ఒకటి పూసినయి. అంత నెమ్మది నా బతుకుల ఎన్నడు చూడలె.

కండ్లు తెరిస్తే, ఫోన్ల మూడు తెల్ల లైట్లు. చప్పట్లు. ముగ్గురు జడ్జీలు తెల్ల లైట్లు వేస్తే లేపినట్లే గద. చెయ్యి దానంతట అదే అక్కకు ఫోన్ కలిపింది.

"అక్కా, లేపింది. పువ్వును లేపినట్లు లేపింది."

అక్క ఏడ్చింది. వెనుక చేనంత కేకలు. ఫోన్ పెట్టేసింది.

జబ్బార్ భాయ్ చాయ్ పట్టుకొని వచ్చి, నా మొకంల నవ్వు చూసి ఆగిండు.

"ఏమైంది?"

"లేపింది గద భాయ్."

ఆయన ఫోన్ దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. "గా లేపిన పోరి వేరే దేశమామె. మనది ఇంకా రానేలేదు. పండుకున్నవా ఏంది?"

నా కాళ్ల కింద పడవ మునిగింది.

"జల్ది అక్కకు చెప్పు, కల అని."

ఈడనే నేను ఇరుక్కున్న. చెడ్డ కల వస్తే పారే నీళ్లకు చెప్పాలె, మంచి కల వస్తే తల పలిగినా నోరిప్పొద్దు, చెప్తే అది ఫలించదు. మా అమ్మ మాకు నేర్పిన చదువంత ఇదే. ఇప్పుడు నోరిప్పితే జ్యోతి చాన్సు పోతది. ఇప్పకుంటే అక్క చేతుల నేను పోత.

"పగటి కలకు గింత లెక్కనా?" అన్నడు భాయ్.

"పగటిదైతేంది భాయ్, కనవడ్డది గద."

ఇంతల నాగర్‌కర్నూల్ నుంచి చిన్నాయన ఫోన్. "పేడాలు పంచుతున్న. పేపరోళ్లకు చెప్పాల్నా?"

"జర ఆగు చిన్నాయనా."

"ఎందుకు ఆగాలె?"

"ఎండ తగ్గనీ" అన్న. ఇంకేం అంట?

అప్పుడొచ్చింది జ్యోతి. రెండుసార్లు తప్పిన పిల్ల, మొకం నిండ నవ్వుకుంట వచ్చింది. కడ్డీ పట్టింది. లేపింది. మోకాళ్లు వణికినయి, నిలవడ్డది. తెలుపు, ఎరుపు, తెలుపు. రెండు తెల్లవైతే చాలంట. భాయ్ నా భుజాలు పట్టి ఊపుతుండు. చాయ్ పట్టుచీర మీద పడకుండ నేను గ్లాసును నెత్తి మీదికి లేపి పట్టుకున్న.

నడుమ విరామంల కోచ్ సారు ఫోన్ చేసిండు. "ఎవరయ్యా మీ ఊర్ల ముందుగాలనే ముబారక్‌లు పంపుతుండ్రు? నా జేబుల ఫోన్ ఆగుతలేదు. పిల్ల చేతులు చల్లవడి కూసున్నది. 'మీ ఊర్ల నువ్వు ఎప్పుడో లేపినవంట, ఈడ లేపకుంటే మీ అమ్మ ఇజ్జత్ పోతది' అని చూపెట్టిన. కడుపు పట్టుకొని నవ్వింది. ఆ నవ్వుతోనే పోయి లేపింది."

కల ఫలించింది కాబట్టి ఇగ దాచలె. సారుకు అంత చెప్పిన. సారు, "ఇంకా రెండో భాగం, క్లీన్ అండ్ జర్క్ ఉన్నది. మళ్ల పండుకుంటరా?" అన్నడు. నవ్వులాటకే అన్నడు.

అక్కకు చెప్తే ఆమె నవ్వలె. "పండుకో తమ్మీ" అన్నది.

జబ్బార్ భాయ్ షట్టర్ సగం దించిండు. చీరల మూట తల కింద పెట్టిండు. ఫోన్ సప్పుడు బంద్ చేసి, నన్ను గోడ దిక్కు తిప్పిండు. పెండ్లిల బ్యాండు పక్కన నిద్రపోయినోన్ని నేను. కర్నూల్ బస్సుల నిలవడి నిద్రపోయినోన్ని. నా పెండ్లిచూపులల్ల కునుకు తీసినోన్ని. దేశానికి నా నిద్ర అక్కరవడ్డ పూట, రెప్ప వాలలె.

"వచ్చిందా?" అంటడు భాయ్.

"గట్ల అడుగుతుంటే ఎట్ల వస్తది?"

అందరు బేజారైతరని ఉత్తగనే గురక పెట్టిన. "ఇది నీ గురక కాదు, నాకు తెల్వదా" అన్నడు.

జ్యోతి నాలుగోది అయింది. కంచు పతకం ఒక్క కిలోతోటి పోయింది. పిల్ల అయితే ఖుషీ, అంత బరువు ఎన్నడు లేపలేదంట. అక్క మటుకు తన చేను పత్తితోటి నా తల కిందికి మెత్త కుట్టించి, బస్సుల వేసి పంపింది. వచ్చే పోటీకి ఇప్పటి సందే ప్రాక్టీసు చెయ్యమన్నది.

చేస్తున్న. నిద్రపోయి చెడినోళ్లు లోకంల మస్తుమంది ఉన్నరు. మెలకువతోటి దేశానికి పతకం పోగొట్టినోన్ని నేనొక్కన్నే.