అత్తయ్య వంటింట్లో గోధుమ బిస్కెట్టు

వైజాగ్‌లో ఓ ఆసుపత్రివాళ్ళు సీలియాక్ జబ్బుకి కొత్త మందు పరీక్షిస్తున్నారు. గోధుమలోని గ్లూటెన్ కడుపులోకి వెళ్తే పేగు లోపలి పొర దెబ్బతినే ఈ జబ్బు నాకూ ఉంది, మా మేనత్తకీ ఉంది. ఇన్నాళ్ళూ పథ్యమే మందు. ఆ పరీక్షలో నేనూ చేరాను. రోజూ ఓ మాత్ర వేసుకుని, వాళ్ళు కొలిచి ఇచ్చిన గోధుమ బిస్కెట్టు తినాలి. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో చెప్పరు. ఫోన్లో చెబితే అత్తయ్య హడలిపోతుందని శనివారం నేనే బయల్దేరాను.

రైల్లో రాజమండ్రి దిగి అమలాపురం బస్సెక్కితే, రావులపాలెం, కొత్తపేట మీదుగా సుమారు రెండు గంటల్లో అంబాజీపేట. వంద రూపాయలుంటే టికెట్టుకి సరిపోతుంది. కొబ్బరికాయల లారీలు తప్పించుకుని ఆటో ఎక్కాను. అత్తయ్య ఊరికి అరవై తీసుకున్నాడు.

"టిఫిన్ చేసేరా అండీ? సెంటర్లో ఉప్మా పెసరట్టు బాగుంటదండీ" అన్నాడు డ్రైవరు.

ఉప్మా రవ్వ గోధుమదే కదా, అది లేకుండా ఇస్తారా అని అడిగాను.

"ఆయ్, ఇస్తారండీ. కానీ ఉప్మా లేకపోతే అదేం పెసరట్టండీ!" అని నా మీద జాలిపడ్డాడు.

అత్తయ్య వంటిల్లు గోధుమ గడప తొక్కని వంటిల్లు. ముందుగా మాత్ర వేసుకుని, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు కొబ్బరి పచ్చడితో కడుపారా తిని, ఆఖర్న బిస్కెట్టు తీశాను. అత్తయ్య లటుక్కున నా చెయ్యి పట్టేసుకుంది.

"మతి గానీ పోయిందేంటే నీకు?"

"డాక్టర్లే తినమన్నారత్తయ్యా. పరీక్షలు చేస్తూ కనిపెట్టుకునే ఉన్నారు" అని, ఉత్తుత్తి మాత్రతో సహా మందు పరీక్ష సంగతంతా చెప్పాను.

"నీకిచ్చింది ఉత్తుత్తి మాత్రయితేనో?"

"కొన్నాళ్ళు బాధపడతాను. ఎవరో ఒకరు తిని చూడకపోతే మందు సంగతి ఎలా తెలుస్తుంది?"

చెయ్యి వదిలింది గానీ, వంటింట్లో మాత్రం వద్దని అరుగు మీదకి లాక్కుపోయింది. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని నా మొహమే చూసింది.

"ఇది పాసయితే నేనూ పూరీలు తినొచ్చా?"

"లేదత్తయ్యా, పథ్యం పథ్యమే. పొరపాటున కాస్త లోపలికి వెళ్తే కాపాడుతుందేమోనని చూస్తున్నారు."

"అది చాల్లేవే. పూరీలెవరిక్కావాలి? పక్కింటివాళ్ళు పెట్టింది భయం లేకుండా తినాలనుంది."

నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం బస్సెక్కేదాకా నా కడుపు కిక్కురుమనలేదు. అది మందు గొప్పో, నా అదృష్టమో ఇప్పుడే తేలదు. ఇది కాకపోతే మరోటి, పనిచేసే మందు వచ్చి తీరుతుందని మాత్రం నా గట్టి నమ్మకం. అందులో నా వంతు బిస్కెట్లు నేను తింటాను.

ఈ జబ్బుతో కోనసీమ వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. చాలా రకాల పొడి ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. పులిహోరయినా, పప్పుచారయినా ఏ ఇంగువ వేశారో అడిగి తినండి. మొహమాటపడకండి. అలా అడగడానికి మొహమాటపడే మా అత్తయ్య ఊళ్ళో ఎవరింటా తినడమే మానేసింది.