పలకని సీసా

మొన్న అటక దులుపుతూంటే పాత కిరసనాయిలు స్టవ్వు దొరికింది. ఆ వాసన తగలగానే నా నోట "నాట్రియుం" అన్న మాట వచ్చింది. నలభై ఏళ్ళ కిందట విశాలాక్షి మేడంగారు పిలిచిన పేరు అది.

అమలాపురంలో మాది గాజు సామాన్ల కొట్టు. వెనక గుమ్మం దిగితే కాలవ రేవు. ఎనభైల్లో ఒక ట్యుటోరియల్ కాలేజీ మూతపడితే, దాని లేబరేటరీ సీసాలు పదకొండు వేలంలో పాడుకున్నాను. జర్మనీ సరుకు, గాజు బిరడాలు. ఆవకాయకి దివ్యంగా ఉంటాయనుకున్నాను. లేబుళ్ళు మాత్రం జర్మన్‌లో ఉన్నాయి. అక్కడ కెమిస్ట్రీ చెప్పిన, జర్మన్ కూడా వచ్చిన మేడంగారిని చదివిపెట్టమని బతిమాలాను. ఆవిడ వేదపండితుల ఇంటి ఆడపడుచు. ఏం ఇచ్చుకోమంటారని అడిగితే, "ఒక్క సీసా ఇప్పించండి, నాకు కావలసింది నేనే తీసుకుంటాను" అన్నారు. ఇంకేం, నా బేరం బుర్ర లేచింది. అన్నిటికన్నా అందమైన సీసాని ముందే తీసి మా ఆవిడ సత్యవతికిచ్చాను. అందులో కిరసనాయిల్లో మునిగి, శొంఠికొమ్ముల్లాంటి బూడిదరంగు ముక్కలు. "మేడంగారి కంటపడనీకు. వాన తగ్గాక ముక్కలు కాలవలో పారేసి, సీసా కడిగెయ్."

పట్టపగలే కొట్టు చీకటిపడేంత మబ్బు. మేడంగారు ఒక్కొక్క సీసా ఎత్తి జర్మన్ పేరు స్వరం తప్పకుండా పిలిచి, కాసేపు ఆగి, ఇంగ్లీషు పేరు చెప్పేవారు. "ష్వేఫెల్... సల్ఫర్. బ్లై... లెడ్. క్వెక్‌జిల్బర్... మెర్క్యురీ." హాజరు వేస్తున్నట్టే ఉంది.

"హోల్‌సేల్‌గా చెప్పేయండి మేడంగారూ!"

"పేరు తెలీకుండా ఎవర్నీ ముట్టుకోకూడదండీ," అన్నారు నవ్వకుండా.

పది సీసాలు అయ్యాయి. "ఒకరు పలకలేదండీ."

"వచ్చినవి పదేనండీ."

ఆవిడ పెరటి గుమ్మం వైపు తిరిగి "నాట్రియుం" అని పిలిచారు. చూరునీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచారు. వాన ఆగింది. రేవు మెట్ల మీద సత్యవతి మట్టెల చప్పుడు వినిపించింది.

"దాన్ని ఇంగ్లీషులో ఏమంటారండీ?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"సోడియం."

ఆ పేరు నాకు తెలుసు. పదో తరగతిలో మాస్టారు చిటికెడంత ముక్క నీళ్ళలో వేసి మమ్మల్ని బెంచీల వెనక్కి తరిమారు. సత్యవతిని కేకేద్దామని లేచాను. ఈలోగా మేడంగారు మూడోసారి పిలిచారు.

రేవులో బుస్సుమంది. వెంటనే ఢామ్మని పేలింది.

"పలికింది," అంటూ మేడంగారు అప్పటికే నడుస్తున్నారు.

కాలవ మీద పసుపుపచ్చ మంట, ఎవరినో వెతుకుతున్నట్టు గిరగిరా తిరుగుతూ మెట్లవైపే వస్తోంది. సత్యవతి చేతిలో ఇంకో ముక్క. "ఏమండీ, నీళ్ళంటుకున్నాయండీ!"

"చెయ్యి తడపకమ్మా. ముక్క సీసాలో వేసి, ఇలా ఇచ్చెయ్."

ఇచ్చేసింది. మేడంగారు బిరడా బిగించి సీసా గుండెలకి ఆనించుకున్నారు. "నేను అడుగుదామనుకున్నది దీన్నేనండీ. కాపరం ఉండే ఇంట్లో ఇది ఉండకూడదని."

బేరంలో నేను ఇంకెన్నడూ అంతగా ఓడిపోయింది లేదు. మేడంగారు పోయి చాలా ఏళ్ళయింది. మొన్న స్టవ్వు పట్టుకుని ఆ పేరు అన్నాక ఇల్లంతా నిశ్శబ్దంగా తోచింది. "సత్యవతీ!" అన్నాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలవడానికి ధైర్యం చాలక, స్టవ్వు కింద పెట్టి అలాగే నిలబడిపోయాను.

"ఆయ్, రేవులో ఉన్నానండీ! ఎన్నిసార్లు పిలుస్తారు?"

అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.